‘ఇవ్వు’ వేలు, ‘చూడు’ వేలు

గుంటూరులో మా పిన్ని వాళ్లింట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. ఇంటిల్లిపాదీ చిన్నా అని పిలుస్తారు. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి ఆటిజం అని డాక్టర్ చెప్పి రెండు నెలలైంది. ఎవరి నోట విన్నా ఒకటే మాట: “వీడికి మాటలెప్పుడొస్తాయో!”

ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఉండగా వాడు వచ్చి పిన్ని మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, ఆమె చేతిని తీసి తలుపు మీద పెట్టాడు. పిన్ని తలుపు తెరిచి పెరుగు గిన్నె అందించింది. వాడు తీసుకుని తన మూలకి వెళ్లిపోయాడు. “చూశావా, అన్నీ తెలుసు వీడికి. నోరు విప్పడు, అంతే” అంది పిన్ని.

కాసేపటికి వీధిలోంచి జేసీబీ వెళ్లింది. వాడికి జేసీబీ అంటే ప్రాణం. కిటికీ చువ్వలు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, ఒళ్లంతా ఊగిపోతూ చూశాడు. వెనక మేం ముగ్గురం పెద్దవాళ్లం ఉన్నాం. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఇంట్లోవాళ్ల బెంగ అంతా మొదటి సంగతి గురించి: అడగడం రాదు, పెరుగు అనడం రాదు. నాకు మాత్రం రెండోదే ఎక్కువ ముఖ్యం అనిపించింది. ఆటిజం ఉన్న పిల్లల మాటల చిక్కుముడి విప్పాలంటే కొస అక్కడే దొరుకుతుంది.

మన చేతి వేళ్లలో ఒకదానికి తెలుగులో పేరే చూపుడు వేలు. పిల్లలకు ఏడాది దాటేలోపు, కాస్త అటూ ఇటూగా, ఆ వేలు లేస్తుంది. అది రెండు రకాల పనులు చేస్తుందని 1975లో ఎలిజబెత్ బేట్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు పసిపిల్లల్ని దగ్గరగా గమనించి వివరించారు. ఒకటి ‘ఇవ్వు’ అనే వేలు. బిస్కెట్ డబ్బా వైపు చూపిస్తే బిస్కెట్ కావాలని. రెండోది ‘చూడు’ అనే వేలు. కాకి వైపు చూపిస్తాడు, మీ ముఖం చూస్తాడు, మళ్లీ కాకిని చూస్తాడు. వాడికి కాకి అక్కర్లేదు. కాకిని మీరు కూడా చూశారా లేదా అన్నదే కావాలి. డాబా మీద చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించే పద్ధతిలో ఉన్నది అచ్చంగా ఇదే: అందని వస్తువు ఒకటి, దాన్ని చూసే మనుషులు ఇద్దరు, ఇద్దరి మధ్య ఒక చూపు. స్పీచ్ థెరపిస్టులు దీన్ని జాయింట్ అటెన్షన్ అంటారు. నేను ఉమ్మడి ధ్యాస అంటాను.

ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ‘ఇవ్వు’ ఎలాగోలా వస్తుంది, వేలితో కాకపోతే మన చెయ్యి పట్టుకుని లాగడంతో. ‘చూడు’ ఆలస్యమవుతుంది, లేదా చాలా అరుదుగా వస్తుంది. ఆటిజం అనుమానం ఉందేమో ముందుగా చూడడానికి 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పత్రంలో ఈ రెండింటికీ విడివిడిగా ప్రశ్నలు ఉండడం యాదృచ్ఛికం కాదు. ఏదైనా కావాలన్నప్పుడు వేలు చూపిస్తాడా అని ఒకటి, ఆసక్తిగా అనిపించినదాన్ని మీకు చూపించడానికి వేలు చూపిస్తాడా అని ఇంకొకటి. మొదటిదానికి అవునని టిక్కు పెట్టిన తల్లిదండ్రులు రెండోదాని దగ్గర ఆగిపోతారు. అలాంటి తేడా ఒకటి ఉందని అంతవరకూ ఎవరూ అనుకుని ఉండరు మరి.

మాటలకూ దీనికీ సంబంధం ఏంటంటే, పిల్లలు మాటల్ని గాలిలోంచి పట్టుకోరు. అమ్మ “కాకి” అన్న క్షణంలో అమ్మా పిల్లవాడూ ఒకే కాకిని చూస్తుంటే ఆ శబ్దం ఆ పక్షికి అతుక్కుంటుంది. అదే క్షణంలో వాడు తిరిగే ఫ్యాన్ వైపు చూస్తుంటే? శబ్దం దేనికీ అతుక్కోకుండా పోతుంది, లేదంటే ఫ్యాన్‌కి అతుక్కుంటుంది. రోజుకి ఇలాంటి క్షణాలు ఎన్ని వందలు జారిపోతాయో ఊహించుకోండి. అందుకే కొందరు పిల్లలు ఏబీసీడీలు, వంద దాకా అంకెలు, కార్ల కంపెనీల పేర్లు గడగడా చెబుతారు కానీ దాహమేస్తే అడగరు. మాటలున్నాయి, మాటలు వెళ్లే దారి ఇంకా పడలేదు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో ఆటిజం ప్రమాణాలను తిరగరాసినప్పుడు మాట ఆలస్యం అనే అంశాన్ని అందులోంచి తీసేసింది. సామాజిక సంభాషణ తీరు, పరిమితంగా పదే పదే సాగే ఆసక్తులు, అలవాట్లు అనే రెంటినే ప్రధానంగా నిలిపింది. మన ఇళ్లల్లో మాత్రం ఇప్పటికీ ఎన్ని మాటలొచ్చాయన్న లెక్కే నడుస్తోంది.

సరే, ఉమ్మడి ధ్యాసను పెంచవచ్చా? లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కోనీ కసారి అనే పరిశోధకురాలి బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్న మీదే. ఆటిజం ఉన్న మూడు నాలుగేళ్ల పిల్లలు 58 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఉమ్మడి ధ్యాస మీద, ఇంకో గుంపుకి ఊహతో కూడిన ఆట మీద రోజుకి అరగంట చొప్పున ఐదారు వారాలు పనిచేశారు. మూడో గుంపుకి ఈ అదనపు పని ఏమీ లేదు. ఏడాది తర్వాత చూస్తే మొదటి రెండు గుంపుల పిల్లలూ మాటల్లో మూడో గుంపు కంటే ముందున్నారు. మొదట్లో అతి తక్కువ భాష ఉన్న పిల్లలకైతే ఉమ్మడి ధ్యాస మీద చేసిన పనే బాగా కలిసొచ్చింది. ‘ముందు మాటలు రానీ, మిగతావి తర్వాత’ అనే మన లెక్క తలకిందులని దీని అర్థం.

అదే విశ్వవిద్యాలయం నుంచి అంతకుముందు, 2002లో, సిల్లర్, సిగ్మన్ అనే ఇద్దరు ఇంకొక సంగతి చూపించారు. ఆటిజం ఉన్న పిల్లలతో తల్లిదండ్రులు ఆడుకునే తీరును రికార్డు చేసి, పిల్లవాడు అప్పటికే చూస్తున్నదాని గురించి పెద్దవాళ్లు ఎంతసేపు మాట్లాడారో లెక్కగట్టారు. అలా ఎక్కువగా శ్రుతి కలిపినవారి పిల్లలు ఆ తర్వాతి ఏళ్లలో, పదహారేళ్ల తర్వాత కూడా, భాషలో ముందున్నారు. ఇక్కడ నేను ‘శ్రుతి’ అన్నది ఊరికే కాదు. పాడేవాడి శ్రుతికి తంబురా సరిచేసుకుంటారు కానీ తంబురా శ్రుతికి పాడేవాడి గొంతు మార్చరు కదా. పిల్లవాడి ధ్యాసను మనవైపు లాక్కోవడం ఒక పద్ధతి, మన మాటని వాడి ధ్యాస దగ్గరికి తీసుకెళ్లడం ఇంకో పద్ధతి. రెండోదే పనిచేస్తోందని ఆధారాలు చెబుతున్నాయి.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, యూనివర్సిటీ గదుల్లో జరిగింది కదా అనుకోవచ్చు. ఇంగ్లండ్‌లో జొనాథన్ గ్రీన్ బృందం ఈ ఆలోచనని తల్లిదండ్రులకే నేర్పించే చికిత్సగా మలిచింది. దాని పేరు పాక్ట్. తల్లో తండ్రో పిల్లవాడితో కాసేపు ఆడుకుంటారు, దాన్ని వీడియో తీస్తారు, తర్వాత థెరపిస్ట్ పక్కన కూర్చుని ఆ వీడియోని ఆపి ఆపి చూపిస్తారు: “ఇదిగో ఇక్కడ చూడండి, మీరు మాట్లాడకుండా ఆగారు, వాడు మీవైపు తిరిగాడు.” అంతే. పిల్లవాడికి నేరుగా శిక్షణ ఉండదు. 152 మంది పిల్లలతో చేసిన ఆ ప్రయోగం 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చినప్పుడు ఫలితం అంత గొప్పగా కనిపించలేదు. తల్లిదండ్రుల తీరు బాగా మారింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది, కానీ ఆటిజం లక్షణాల కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిత్రంగా, ఆరేళ్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ పరీక్షిస్తే తేడా తేలింది: తీవ్ర లక్షణాల స్థాయిలో ఉన్నవారు చికిత్స పొందిన గుంపులో 46 శాతం, మామూలు సేవలు మాత్రమే అందిన గుంపులో 63 శాతం.

ఆ పాక్ట్‌నే మన దగ్గరికి తెచ్చారు. గోవాలోని సంగత్ సంస్థ, పాకిస్తాన్‌లోని రావల్పిండి పరిశోధకులు కలిసి చేసిన ఆ ప్రయోగం పేరు పాస్, 2016లో ప్రచురించారు. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 65 మంది. ఇక్కడి అసలు విశేషం నేర్పించినవాళ్లు: డాక్టర్లు కారు, స్పీచ్ థెరపిస్టులు కారు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఎనిమిది నెలల్లో 12 సెషన్లు. తల్లిదండ్రుల మాటలు పిల్లల ధ్యాసతో శ్రుతి కలవడం పెరిగింది, పిల్లలు తామే మొదలుపెట్టి ఏదైనా చెప్పడం పెరిగింది. కానీ ఇద్దరూ కలిసి ఒకే దానిమీద ధ్యాస పెట్టిన సమయం తగ్గింది. ఇది ఎవరూ కోరుకోని ఫలితం, అయినా దాచకుండా రాశారు. ఇంగ్లండ్‌లోనే తర్వాత ఇంటితో పాటు బడిలో కూడా పాక్ట్ పెట్టి చూసిన పెద్ద ప్రయోగంలో (2022) ఆటిజం లక్షణాల కొలతలో తేడా రాలేదు. పెద్దవాళ్ల తీరు మాత్రం అక్కడా మారింది. కాబట్టి ‘ఇది చేస్తే ఆటిజం తగ్గిపోతుంది’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పిల్లవాడికీ ఇంట్లోవాళ్లకీ మధ్య రాకపోకలు పెరుగుతాయి అంటే నమ్మవచ్చు. నా దృష్టిలో అది చిన్న సంగతేమీ కాదు.

పెద్దవాళ్ల తీరు మారడం అంటే ఏంటి? ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగు ఇళ్లల్లో చిన్నపిల్లలతో మాట్లాడడం అంటే సగం పరీక్ష పెట్టడమే. ముక్కేది? చెవులేవి? కుక్క ఎలా అరుస్తుంది? ఇదేం రంగు? అంకుల్‌కి హాయ్ చెప్పు, ఆంటీకి రైమ్ చెప్పి చూపించు. ఆటిజం ఉందని తెలిశాక ఈ పరీక్షలు తగ్గకపోగా రెట్టింపవుతాయి, టెన్షన్‌తో. ఆ రోజు మా చెల్లెలు, అంటే చిన్నా వాళ్లమ్మ, వాడితో ఆడుకుంటుంటే నేను ఊరికే లెక్కపెట్టాను. ఐదు నిమిషాల్లో పదిహేడు ప్రశ్నలు. వాడు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అసలు వాడు ఆ ఐదు నిమిషాలూ చేస్తున్నది సీసా మూతల్ని ఒక్కొక్కటిగా స్టీలు గ్లాసులో వేసి ఆ చప్పుడు వినడం. ప్రశ్నలన్నీ చెల్లెలి చేతిలో ఉన్న బొమ్మల పుస్తకం గురించి.

తర్వాత వాళ్లు ఒక స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లారు. ఆవిడ మొదటి రోజే పుస్తకం పక్కన పెట్టించి నేల మీద కూర్చోబెట్టారట, పిల్లవాడికి ఎదురుగా, తన ముఖం వాడి ముఖం ఎత్తులో ఉండేలా. మూత గ్లాసులో పడితే “టంగ్!” అనాలి. ఇంకోటి పడితే మళ్లీ “టంగ్!” మూత దొర్లిపోతే “అయ్యో, పోయింది.” ప్రశ్న ఒక్కటి కూడా వద్దు. ఆ తర్వాత అసలు కష్టమైన పని: ఊరుకోవడం. మనసులో పది దాకా లెక్కపెట్టుకుంటూ, నోరు మూసుకుని, ఏదో జరగబోతోందన్నట్టు ముఖం పెట్టి ఎదురుచూడడం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు విన్నది అర్థం చేసుకుని బదులివ్వడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. మనం రెండు సెకన్లు ఆగి అదే ప్రశ్న మళ్లీ వేస్తాం. దాంతో వాడి మనసులో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. “పది సెకన్లు ఊరుకోవడం ఇంత కష్టమని నాకు తెలీదు వదినా” అని వాళ్ల వదినతో అందట చెల్లెలు.

దీనికి ఖరీదైన బొమ్మలేవీ అక్కర్లేదు. మన దగ్గర పసిపిల్లల అరచేతిలో పప్పు రుబ్బే ఆట ఉంది కదా. మోచేత్తో అరచేతిలో రుబ్బుతున్నట్టు తిప్పి, అమ్మకింత నాన్నకింత అంటూ ఒక్కో వేలికీ ఒక్కో ముద్ద పెట్టి, చివరికి రెండు వేళ్లని చీమల్లా నడిపించుకుంటూ చేయంతా ఎక్కి చంకలో చక్కిలిగింత పెడతారు. సంభాషణకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: వంతులు, వరస, ఎదురుచూపు, ఇద్దరు మనుషులు. వారం పాటు రోజూ ఒకే తీరుగా ఆడాక ఒకరోజు మోచేతి దగ్గర వేళ్లు ఆపేయండి. ఊపిరి బిగబట్టి చూడండి. పిల్లవాడు ఏదో ఒకటి చేస్తాడు. మీ చేతిని పైకి నెడతాడు, గునుస్తాడు, నవ్వుతాడు, ఓరగా ఒక్క చూపు చూస్తాడు. ఆ ఒక్కటీ మాటే. వెంటనే చక్కిలిగింత పెట్టేయాలి. “నోటితో చెబితేనే” అని బేరం పెట్టకూడదు.

ఈ బేరం సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లల్లో, కొన్ని థెరపీ సెంటర్లలో కూడా, ఇదే పద్ధతి అనుకుంటారు. నీళ్ల గ్లాసు ఎత్తి పట్టుకుని “వాటర్ అను, అంటేనే ఇస్తా.” దాహమేసిన పిల్లవాడు ఏడుస్తాడు, చివరికి “వా” అంటాడో అనడో. ఒకవేళ అన్నా వాడు నేర్చుకున్నది గ్లాసు దక్కించుకోవడానికి చెల్లించే సుంకం. ఇప్పటికే వాడికున్న ‘ఇవ్వు’నే అది ఇంకా గట్టిపరుస్తుంది. ‘చూడు’ వైపు ఒక్క అడుగు కూడా వేయించదు. మూత బిగించిన డబ్బా వాడి చేతికిచ్చి, మీరు పక్కనే కూర్చుని సాయం కోసం మీవైపు తిరిగే అవకాశం ఇవ్వడం వేరు, ఆకలి మీద తాళం వేయడం వేరు.

మన మాటల పొడవు కూడా తగ్గించాలి. ఒక్క మాట కూడా రాని పిల్లవాడితో “చిన్నా, ఇప్పుడు మనం చేతులు కడుక్కుని, అన్నం తిని, తర్వాత పార్కుకి వెళ్దామా” అంటే వాడికి అది రైలు వెళ్లిన చప్పుడు. పసిపిల్లల కోసం తెలుగులో పుట్టిన మాటలు ఎందుకున్నాయి మరి? బువ్వ, జేజ, బబ్బో, టాటా. చిన్నవి, అక్షరాలు తిరిగొచ్చేవి, పలకడానికి తేలికైనవి. వీటిని వాడితే పిల్లవాడు ఎదగడని కొందరు భయపడి మూడేళ్ల పిల్లాడితో “ఫుడ్”, “స్లీప్” అంటుంటారు. ఆ భయం అనవసరం.

ఇంగ్లీష్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే అనేస్తాను. డల్లాస్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, హైదరాబాద్‌లోనే ఉన్నా ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకి తరచుగా దొరికే సలహా: “ఒక్క భాషే మాట్లాడండి, ఇంగ్లీష్ అయితే మంచిది, రెండు భాషలైతే కన్ఫ్యూజ్ అవుతాడు.” రెండు భాషలు వింటూ పెరిగిన ఆటిస్టిక్ పిల్లల్నీ ఒకే భాష విన్నవాళ్లనీ పోల్చి చూసిన అధ్యయనాలు చాలానే వచ్చాయి. రెండు భాషల వల్ల పిల్లలు వెనకబడినట్టు అవి చూపించలేదు. సలహా ఇచ్చేవాళ్లకి కనపడని నష్టం ఇంకోటుంది. శ్రుతి కలపాలంటే మాట తడుముకోకుండా రావాలి. “అమ్మో, పడిపోయిందే!” అని నోటికొచ్చేదాన్ని ఆపుకుని దానికి ఇంగ్లీష్ వెతుక్కునేలోపు ఆ క్షణం కాస్తా జారిపోతుంది. పైగా వీడియో కాల్‌లో తాతయ్యకి ఆ పిల్లవాడు పరాయివాడైపోతాడు.

ఇప్పుడు చిన్నా సంగతిలో జరిగిన మలుపు చెప్పాలి. దసరా నాటికి వాడికి మాటలొచ్చాయి, కానీ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. ఎందుకంటే వాడికి నీళ్లు కావలసినప్పుడు వచ్చి “నీళ్లు కావాలా?” అంటాడు. అచ్చం వాళ్లమ్మ గొంతుతో, వాళ్లమ్మ రాగంతో. భయమేసినప్పుడల్లా, అది మిక్సీ చప్పుడైనా కుక్క అరుపైనా, “జాగ్రత్త, పడిపోతావ్” అంటాడు. “చిలక పలుకులండీ, అర్థం లేదు” అని చుట్టాల్లో ఒకరు తేల్చేశారు.

అర్థం లేకపోవడం కాదు, అర్థం మూటగట్టి ఉంది. విన్నదాన్ని ఇలా తిరిగి పలకడాన్ని ఎకోలేలియా అంటారు. 1943లో లియో కానర్ అనే డాక్టర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన మొదటి వ్యాసంలోనే ఇది ఉంది. చాలాకాలం దీన్ని మాన్పించాల్సిన అలవాటుగానే చూశారు. 1981లో బారీ ప్రైజంట్, జుడిత్ డ్యూకన్ కొందరు పిల్లల్ని గమనించి, అప్పటికప్పుడు తిరిగి పలికిన మాటలు ఏడు రకాల పనులు చేస్తున్నాయని చూపించారు: వంతు అందుకోవడం, అవుననడం, అడగడం లాంటివి. నీళ్లు దొరికిన ప్రతిసారీ ముందు వినిపించిన శబ్దం “నీళ్లు కావాలా?” కాబట్టి నీళ్లు రప్పించే మంత్రం అదేనని చిన్నా తేల్చుకున్నాడు. నిజానికి మంచి తర్కమే.

ఇక్కడ తెలుగు మనకి ఒక సౌకర్యం ఇస్తుంది. ఇంగ్లీష్ పిల్లవాడు “డూ యూ వాంట్ వాటర్” అంటే నువ్వు, నేను తారుమారైపోయాయని గోల. తెలుగులో మనం నీకు, నాకు అనేవి మాటల్లో ఎక్కడ వాడతాం? కావాలా, కావాలి. ఆకలేస్తోందా, ఆకలేస్తోంది. తేడా అంతా చివరి అచ్చులోనే. తింటావా, తింటాను లాంటి చోట్ల క్రియ చివర మారుతుంది, అంతే. కాబట్టి చేయాల్సింది దిద్దడం కాదు. “కావాలా కాదు నాన్నా, కావాలి అనాలి” అని పాఠం చెబితే వాడు ఆ పాఠం మొత్తం తిరిగి అప్పజెబుతాడు. నీళ్లు అందిస్తూ, వాడు అనాల్సిన మాటని వాడి తరఫున మనమే అనాలి: “నీళ్లు కావాలి.” ప్రశ్నల్ని తగ్గించమన్న సలహాకి ఇంకో కారణం కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. మనం రోజంతా ప్రశ్నలే విసిరితే వాడి మూటలన్నిటికీ ‘ఆ’ తోకే ఉంటుంది. (ఈమధ్య ఈ మూటల మాటల మీద మెట్లు మెట్లుగా పేర్చిన కోర్సులు ఇన్‌స్టాలో బాగా అమ్ముడవుతున్నాయి. పిల్లవాడి పలుకులకు అర్థం ఉందన్న మూలభావన మంచిదే. ఆ మెట్ల పద్ధతికి మాత్రం ప్రయోగాల బలం ఇంకా లేదు.)

కళ్లలోకి చూడడం గురించి వేరే చెప్పాలి. గడ్డం పట్టుకుని ముఖం తిప్పి “ఇటు చూడు, అమ్మ కళ్లలోకి చూడు” అనడం చాలా చోట్ల కనిపిస్తుంది, రిపోర్టుల్లో ‘ఐ కాంటాక్ట్ ఇంప్రూవ్డ్’ అని మార్కులు కూడా వేస్తారు. ఎదిగిన ఆటిస్టిక్ వ్యక్తులు చాలామంది కళ్లలోకి చూస్తూ వినడం తమకి ఒత్తిడి అని, చూపు తప్పిస్తేనే మాట చెవికెక్కుతుందని చెబుతున్నారు. ఉమ్మడి ధ్యాస అంటే కళ్లలో కళ్లు పెట్టడం కాదు. పక్కపక్కన కూర్చుని ఒకే ఫ్యాన్‌ని చూడడం కూడా ఉమ్మడి ధ్యాసే. వస్తువు తెచ్చి మీ ఒళ్లో పడేసి వెళ్లిపోవడం కూడా ‘చూడు’ అనడానికి ఒక పద్ధతి కావచ్చు. తానూ ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక వాదన పెట్టాడు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపుదే కాదు, రెండువైపులదీ. వాళ్లు మనల్ని చదవలేకపోతున్నట్టే మనమూ వాళ్లని చదవలేకపోతున్నాం, కాకపోతే రోగం పేరు ఒకవైపుకే పెట్టాం. చెల్లెలు పదిహేడు ప్రశ్నలు వేసిన ఆ ఐదు నిమిషాలు గుర్తుచేసుకుంటే నాకు ఆ వాదనలో తప్పేమీ కనిపించదు.

అసలే మాటలు రాని పిల్లవాడికి బొమ్మల కార్డులో, చెన్నైలో పుట్టిన ఆవాజ్ లాంటి యాప్ ఉన్న ట్యాబో ఇస్తే ఇక నోరు తెరవడని భయపడేవాళ్లకి: ఇప్పటిదాకా వచ్చిన సమీక్షల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. కొందరిలో మాటలు కాస్త పెరిగాయి కూడా. ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే ఇచ్చేయడమే మేలు.

ఇక మార్కెట్. హైదరాబాద్, విజయవాడల్లో థెరపీని గంటల లెక్కన అమ్ముతారు, వారానికి ఇన్ని గంటలు, నెలకి ఇంత ప్యాకేజీ. ఈ గంటల పిచ్చి వెనక 1987లో ఇవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం ఉంది. అందులో 19 మంది పిల్లలకు వారానికి 40 గంటలు శిక్షణ ఇచ్చి గొప్ప ఫలితాలు చెప్పారు. 2024లో మైకల్ శాండ్‌బ్యాంక్ బృందం 144 అధ్యయనాల్లోని తొమ్మిది వేల మందికి పైగా పిల్లల వివరాలు కలిపి చూస్తే గంటలు పెరిగితే ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం కనపడలేదు. బంగారం తాకట్టు పెట్టి ఆరు గంటల ప్యాకేజీ కట్టలేకపోయామని ఏ తల్లీ తండ్రీ కుమిలిపోనక్కర్లేదు. స్నానం, అన్నం, బట్టలు వేయడం, నిద్రపుచ్చడం ఎలాగూ రోజూ ఉంటాయి. వాటిలో శ్రుతి కలిపితే చాలా గంటలే అవుతాయి.

మార్కెట్‌లో ఇంకో సరుకు ‘వర్చువల్ ఆటిజం’. ఫోన్ చూపించడం వల్ల వచ్చేదట, ఫోన్ ఆపేస్తే పోయేదట. ఏ వైద్య ప్రమాణ గ్రంథంలోనూ అలాంటి నిర్ధారణ లేదు. ఫోన్ తగ్గించడం మంచిదే, ఎందుకంటే ఫోన్ ఎవరి శ్రుతికీ ఆగదు, ఎవరి వంతు కోసమూ చూడదు. అయితే ఆ మాట చుట్టాల చేతిలో పడితే “నువ్వే ఫోనిచ్చి పాడుచేశావు” అని తల్లి మెడకు చుట్టుకుంటుంది. అమెరికాలో కూడా ఒకప్పుడు ప్రేమ చూపని తల్లుల వల్లే ఆటిజం వస్తుందన్నారు. తానూ ఆటిస్టిక్ పిల్లవాడి తండ్రే అయిన బెర్నార్డ్ రిమ్లండ్ 1964లో ఆ సిద్ధాంతాన్ని ఎదిరించి రాశాక అది క్రమంగా కూలిపోయింది. తల్లిదండ్రులకి శిక్షణ ఇస్తున్నారంటే తప్పు వాళ్లదని కాదు. మామూలుగా అందరి పిల్లలకూ సరిపోయే తీరు ఈ పిల్లవాడికి సరిపోవడం లేదు, అందుకని కాస్త మార్చుకుంటున్నారు.

పిలిస్తే పలకడం లేదన్న అనుమానం ఉన్నవాళ్లు ముందు వినికిడి పరీక్ష, మన దగ్గర అందరూ బెరా టెస్ట్ అనేది, చేయించాలి. చెవి సమస్యను ఆటిజం అనుకున్నవాళ్లూ ఉన్నారు, ఆటిజాన్ని చెవుడు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ బాల ఆరోగ్య కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా కేంద్రాల్లో డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు, ఉన్నాయి. అక్కడ ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి సర్టిఫికెట్ తీసుకుంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమాకు నమోదు చేసుకోవచ్చు. సర్టిఫికెట్ అంటే ముద్ర పడిపోతుందని సంవత్సరాలు వాయిదా వేసేవాళ్లని చూశాను. థెరపీ బిల్లులు మాత్రం వాయిదా పడవు.

సంక్రాంతికి మళ్లీ గుంటూరు వెళ్లాను. పిన్ని కిటికీ పక్కన ముగ్గు గిన్నెలు కడిగి బోర్లిస్తోంది. చిన్నా చువ్వలు పట్టుకుని ఉన్నాడు. వీధి చివర ఆ గడగడ చప్పుడు వినపడగానే మునివేళ్ల మీద లేచాడు. చూపు మరల్చలేదు కానీ ఒక చెయ్యి వెనక్కి చాచి, గాల్లో తడుముకుంటూ, పిన్ని కొంగు దొరకబుచ్చుకుని లాగాడు.

“జేసీబీ వచ్చిందా?” అన్నాడు.

పిన్ని నోరు తెరవబోయి ఆగింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోందని అర్థమైంది. కొంగు ఇంకోసారి లాగాడు. ఈసారి ఓరగా ఆమె వైపు చూసి మళ్లీ వీధిలోకి చూశాడు.

“జేసీబీ వచ్చింది” అంది పిన్ని.

తడి చేతులు చీరకే తుడుచుకుని వాడి పక్కన వంగి నిలబడింది. బండి మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూశారు.